పిల్లల మనోవిశ్లేషణ థెరపీ నేర్చుకునేవాళ్లకు: పరిశీలన నుంచి కేసు ముగింపు దాకా

పిల్లలతో, కుటుంబాలతో మనోవిశ్లేషణ (సైకోఅనాలిసిస్: మనసులో పైకి తెలియని భావాల్ని అర్థం చేసుకుంటూ చేసే చికిత్స) పద్ధతిలో పనిచేయాలనుకునేవాళ్లు ముందు సిద్ధాంతం చదివేసి, ఆ తర్వాత పిల్లల దగ్గరికి వెళ్దామనుకుంటారు. శిక్షణ నడిచేది అలా కాదు. ముందు చూడటం నేర్పుతారు. చూసింది గుర్తుపెట్టుకుని రాయడం నేర్పుతారు. పిల్లవాడు చేస్తున్నదాని వెనకున్న అర్థాన్ని వాడితో పైకి చెప్పడం చాలా తర్వాతి సంగతి. పిల్లలు తమ బాధను వాక్యాల్లో చెప్పరు. కారును పదేపదే గోడకు గుద్దించి చెబుతారు, నీళ్లు ఒలకబోసి చెబుతారు, బల్లకింద దూరి మాట్లాడకుండా కూర్చుని చెబుతారు. చూడటం రాకపోతే ఎంత చదివినా ఆ చదువు పిల్లవాడి మీద రుద్దడానికే పనికొస్తుంది.

శిక్షణలో నాలుగు పనులు పక్కపక్కనే సాగుతాయి: మీ సొంత విశ్లేషణ (మీరే ఒక విశ్లేషకుడి దగ్గర థెరపీ తీసుకోవడం), పసిబిడ్డ పరిశీలన, సూపర్‌విజన్‌లో (అనుభవమున్న థెరపిస్టుతో చర్చిస్తూ) చూసే కేసులు, సెమినార్లు. బ్రిటన్‌లో 1949లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ చైల్డ్ సైకోథెరపిస్ట్స్ గుర్తించిన కోర్సుల్లో క్లినికల్ దశ నాలుగేళ్లు. పరిశీలన దశ దానికి ముందే ఉంటుంది. సొంత విశ్లేషణ వారానికి కనీసం మూడుసార్లు. ఇంటెన్సివ్ కేసులు మూడు చూడాలి: ఐదేళ్లలోపు బిడ్డ ఒకరు, బడి వయసు బిడ్డ ఒకరు, టీనేజీ బిడ్డ ఒకరు. ఒక్కొక్కరినీ వారానికి మూడుసార్లు చూడాలి. మిగతా దేశాల్లో ఈ లెక్కలు మారవచ్చు కాబట్టి చేరబోయే కోర్సు నియమాలు చదువుకోండి.

చేరకముందే తేల్చుకోవాల్సినవి

సొంత విశ్లేషణను కేసులు చేతికి రావడానికి ఏడాది ముందైనా మొదలుపెట్టడం మంచిది. ఏడుస్తున్న బిడ్డ పక్కన గంటసేపు కూర్చున్నా, తమ్ముడి బొమ్మను చెత్తబుట్టలో పడేసే పిల్లను చూసినా మన చిన్నతనం కదులుతుంది. ఆ కదలికను పోల్చుకోలేకపోతే పిల్లకు చేయాల్సిన వైద్యం మనకు చేసుకుంటాం. విశ్లేషకుడు, సూపర్‌వైజరు ఒకరే కాకూడదు. విశ్లేషకుడు కోర్సుకు మీ గురించి ఏమైనా రాసి పంపుతారా, లేక హాజరు మాత్రమే ధ్రువీకరిస్తారా అన్నది ముందే అడగండి. రాసి పంపే పద్ధతి ఉన్నచోట మనసు విప్పి మాట్లాడటం కష్టం.

తర్వాత టైమ్‌టేబుల్ సంగతి. వారంలో మీ విశ్లేషణలు, ఒక పరిశీలన, ఒక్కో ఇంటెన్సివ్ కేసుకు మూడు సెషన్లు, సూపర్‌విజన్, సెమినారు, వీటన్నిటి రాతపని. ఇవి ఏళ్ల తరబడి అదే రోజు, అదే వేళకు ఉండాలి. ఉద్యోగంలో షిఫ్టులు మారేవాళ్లు చేరకముందే ఏదో ఒక ఏర్పాటు చేసుకోవాలి. మధ్యలో వేళలు మారితే ఆ భారం పడేది పిల్లల మీదే.

పసిబిడ్డ పరిశీలన

మనోవిశ్లేషకురాలు ఎస్తర్ బిక్ 1948లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో ఈ పద్ధతిని పిల్లల థెరపిస్టుల శిక్షణలో చేర్చారు. 1960 నుంచి లండన్‌లోని మనోవిశ్లేషణ ఇన్‌స్టిట్యూట్ కూడా దీన్ని తన విద్యార్థులకు పెట్టింది. బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా, వారానికి ఒకసారి, ఒక గంట, బిడ్డ ఇంట్లోనే చూడాలి.

కుటుంబాన్ని స్నేహితుల్లోనో, మీ క్లినిక్‌కి వచ్చేవాళ్లలోనో వెతకొద్దు. మధ్యలో ఒక మూడో మనిషి ద్వారా అడిగించండి. వాళ్లకు కాదనే వీలు ఉండాలి. కాన్పుకు ముందే తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ కలవండి. ఏం చదువుతున్నారో దాచకుండా, ఉపన్యాసం ఇవ్వకుండా ఇలా చెబితే సరిపోతుంది: "పిల్లల థెరపిస్టుగా శిక్షణ తీసుకుంటున్నాను. బిడ్డలు ఎలా పెరుగుతారో దగ్గర్నుంచి చూసి నేర్చుకోవడానికి వస్తాను. వారానికి ఒక గంట. మీ పనులు మీరు చేసుకుంటూ ఉండండి, నా కోసం ఏమీ మార్చుకోవద్దు."

ఇంట్లో బిడ్డ ముఖం, చేతులు కనబడేచోట, దారికి అడ్డం కాకుండా కూర్చోండి. పుస్తకం, పెన్ను, ఫోను బయటికి తీయొద్దు. పలకరిస్తే ఆప్యాయంగా, క్లుప్తంగా జవాబివ్వండి. రాయిలా కూర్చునే మనిషిని ఏ తల్లీ ఎక్కువ కాలం ఇంట్లోకి రానివ్వదు. "మా వాడు సరిగ్గానే ఎదుగుతున్నాడాండీ?" అని అడిగితే బాగున్నాడని సర్టిఫికెట్ ఇవ్వొద్దు, సలహా అసలే ఇవ్వొద్దు. "మీకేమైనా తేడాగా అనిపించిందా?" అని అడిగి వినండి. భయం నిజమైనదైతే వాళ్ల డాక్టర్ని అడగమనండి. బిడ్డ మంచం మీంచి దొర్లి పడబోతుంటే మాత్రం లేచి పట్టుకోండి. అక్కడ పరిశీలన నియమాలేవీ వర్తించవు.

దేన్ని చూడాలి? పాలు పట్టే ముందు గుప్పిళ్లు ఎలా ఉన్నాయి, ఎప్పుడు విచ్చుకున్నాయి. కింద పడుకోబెట్టగానే ఒళ్లు ఏం చేసింది. చూపు ఎక్కడ ఆగింది, ఎంతసేపు. తనను ఎవరూ ఎత్తుకోని క్షణాల్లో పసిబిడ్డ ఒక దీపాన్నో, గొంతునో, వాసననో పట్టుకుని చెదిరిపోకుండా నిలదొక్కుకుంటుందని బిక్ 1968లో రాశారు. అవి ఆ కాసేపు బిడ్డకు చర్మంలా పనిచేస్తాయన్నది ఆమె ఆలోచన. అందుకే "దీపం వైపు చూస్తోంది" అని రాసి వదిలేయకూడదు. ఆ దీపం ఆర్పినప్పుడు కాళ్లు ఏం చేశాయో కూడా కాగితం మీద ఉండాలి.

రాయడం దగ్గరే చాలామంది తడబడతారు. మొదటి వారాల నోట్సు ఇలా ఉంటుంది: "తల్లి విసుగ్గా ఉంది. బిడ్డ ఆకలితో ఏడ్చాడు. పాలు తాగి సంతోషంగా పడుకున్నాడు." ఇందులో ఉన్నవి మూడు తీర్పులు. చూసింది ఒక్కటీ లేదు. అదే సన్నివేశాన్ని ఇలా రాయాలి:

"ఫోను మోగింది. బిడ్డ మెడ కింద ఒక చేయి అలాగే ఉంచి, రెండో చేత్తో ఆమె ఫోను అందుకోబోయింది. రొమ్ము నోట్లోంచి జారింది. బిడ్డ ఏడవలేదు. నోరు తెరిచే ఉంది. కళ్లు కిటికీ వైపు తిరిగి అక్కడే నిలిచాయి, కుడిచేతి వేళ్లు ఆమె బట్టను గట్టిగా పట్టుకున్నాయి. 'ఇదిగో, వచ్చేశాను' అని ఆమె అన్నప్పుడు కళ్లు తిరగలేదు. రొమ్ము పెదవికి తగిలాక రెండుసార్లు తల పక్కకు తిప్పుకుని, మూడోసారి నోట పట్టాడు. అప్పుడు వేళ్లు వదులయ్యాయి."

ఇలా ఉంటే సెమినార్‌లో అడగడానికి ప్రశ్నలు పుడతాయి. తల తిప్పుకోవడం కోపమా, లేక కిటికీని వదిలి రావడానికి పట్టిన సమయమా? ఆ జవాబు వచ్చే వారం చూపులో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఏ రోజుది ఆ రోజే, జరిగిన వరసలోనే, మూడు నాలుగు పేజీలు రాయండి. మీకేమనిపించిందో విడిగా, చివర్లో రాయండి. పేర్లు మార్చండి. సెమినార్‌లో ఐదుగురి దాకా ఉంటారు, వారానికి గంటన్నర కూర్చుంటారు. చదివాక కాపీలు వెనక్కి తీసుకోవాలి.

పరిశీలన చెడేది ఎక్కువగా రెండు రకాలుగా. ఒకటి, పరిశీలకులు మెల్లగా ఇంటి పిన్నిగానో బాబాయిగానో మారిపోయి బిడ్డను ఆడించడం మొదలుపెడతారు. రెండోది, తల్లి నాలుగైదు సార్లు "ఈ వారం వద్దండీ" అనగానే మన మీద ఇష్టం పోయిందనుకుని వెళ్లడం మానేస్తారు. తల్లి బాగా కుంగి ఉన్న రోజుల్లోనే ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి. మీ వేళను అలాగే ఖాళీగా ఉంచి, వచ్చే వారం వస్తానని చెప్పండి. ఆమె గురించి నిజంగా ఆందోళన కలిగితే తర్వాతి సెమినారు దాకా ఆగకుండా ఆ రోజే సెమినారు లీడర్‌కి చెప్పాలి.

గది, పెట్టె

పిల్లల మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ 1920ల్లో బెర్లిన్‌లో పిల్లల ఆటను ఆధారంగా తీసుకుని పనిచేయడం మొదలుపెట్టారు, 1926లో లండన్‌కు మారారు. ఒక్కో పిల్లకూ తాళం పడే సొరుగు విడిగా ఇచ్చేవారు. ఇవాళ్టి ఆటపెట్టె అక్కడి నుంచి వచ్చిందే.

గది కడగడానికి వీలుగా ఉండాలి. కుళాయి, సింకు, పొట్టి బల్ల, రెండు కుర్చీలు, ఒక సోఫా లేదా దిండ్లు. మీ ఫైళ్లు, ఫోను, వేరే పిల్లలు వేసిన బొమ్మలు అక్కడ కనబడకూడదు. పెట్టెలో రెండు సైజుల్లో చిన్న మనుషుల బొమ్మలు ఎనిమిదో పదో (పెద్దా చిన్నా ఉంటేనే కుటుంబం అవుతుంది), ఇంటి జంతువులు, అడవి జంతువులు కొన్ని చొప్పున, కంచె ముక్కలు, రెండు మూడు కార్లు, ఒక విమానం, బంతి, ప్లాస్టిసిన్ మట్టి, మొన లేని కత్తెర, దారం, టేపు, జిగురు, పెన్సిళ్లు, రంగులు, ఇరవై దాకా తెల్లకాగితాలు, రెండు గిన్నెలు, తువ్వాలు. మూడేళ్లలోపు వాళ్లకు నోట్లో పట్టే చిన్న వస్తువులన్నీ తీసేయండి. టీనేజీ వాళ్లకు బల్లమీద కాగితం, పెన్నులు చాలు.

బ్యాటరీ బొమ్మలు, సినిమా పాత్రల బొమ్మలు పెట్టొద్దు. వాటి కథ ముందే రాసిపెట్టి ఉంటుంది, పిల్ల కథకు చోటు మిగలదు. బోర్డు గేములు కూడా వద్దు. బడి వయసు పిల్లలు వాటి నియమాల చాటున సెషన్లకు సెషన్లు దాక్కోగలరు. విరిగిన బొమ్మను గుట్టుచప్పుడు కాకుండా మార్చేయొద్దు. తను విరిచింది విరిగినట్టే పెట్టెలో ఉందా, దాన్ని బాగుచేయవచ్చా అన్నది పిల్లలకు చాలా పెద్ద ప్రశ్న.

అసెస్‌మెంట్, మొదటి సెషన్

ముందు తల్లిదండ్రులతో రెండు సమావేశాలు: గర్భం నుంచి ఇప్పటిదాకా బిడ్డ చరిత్ర, కుటుంబంలో చావులు, విడిపోవడాలు, ఇళ్లు మారడాలు. వీలైతే కుటుంబం అంతటితో ఒకసారి. తర్వాత పిల్లతో వారానికొకటి చొప్పున మూడు నాలుగు సెషన్లు. అనుమతి తీసుకుని బడివాళ్లతో మాట్లాడటం. చివర మళ్లీ తల్లిదండ్రులతో కూర్చుని ఏమనుకుంటున్నామో చెప్పడం. అన్ని కేసుల్లోనూ పిల్లకు ఒంటరి థెరపీ అక్కర్లేదు. ఐదేళ్లలోపు బిడ్డకు నిద్ర, తిండి, మొండి ఏడుపు సమస్యలైతే తల్లిదండ్రుల్ని, బిడ్డను కలిపి నాలుగైదు సార్లు చూస్తే సరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి.

పిల్లను తీసుకొచ్చేముందు ఏం చెప్పాలో తల్లిదండ్రులకు మాటలతో సహా ఇవ్వండి. "ఆడుకోవడానికి వెళ్దాం" అంటే అబద్ధం. "డాక్టరుకి చెప్తా ఉండు" అంటే బెదిరింపు. "రాత్రిళ్లు నీకు భయం వేస్తోంది కదా, అలాంటి వాటి గురించి పిల్లలతో కలిసి ఆలోచించేవాళ్ల దగ్గరికి వెళ్తున్నాం" అంటే చాలు.

గదిలో మీరు చెప్పాల్సింది తక్కువ: "మనం ఇక్కడ 50 నిమిషాలు ఉంటాం. ఈ పెట్టె నీది, ఇంకెవరూ తీయరు. నీకు తోచింది చేయొచ్చు, చెప్పొచ్చు. నిన్ను గానీ నన్ను గానీ దెబ్బ తగలనివ్వను." తల్లిని వదలకపోతే విడదీయొద్దు. ఆమెను కూడా లోపలికి రమ్మని ఒక కుర్చీ చూపించండి. ఎన్ని నిమిషాలకు పిల్ల ఆమె ఒడి దిగింది, దిగేముందు ఎవరి వైపు చూసింది అన్నదే ఆ రోజు చూడాల్సింది.

ఆటను మీరు మొదలుపెట్టొద్దు. పాత్ర ఇస్తే తీసుకోండి, కానీ సొంత కవిత్వం కలపకుండా గొంతు తగ్గించి "ఈ టీచరు ఇప్పుడేం చేస్తుంది?" అని అడిగి, పిల్ల చెప్పినట్టే నడవండి. నోరు తెరిచినప్పుడు ముందు కనబడేదే చెప్పండి: "పెద్దవాళ్లంతా కంచె లోపలికి వెళ్లారు. ఈ చిన్నది బయట ఉండిపోయింది." పిల్ల ఆట ఆపకుండా సాగిస్తే తర్వాతి మెట్టు: "బయట ఉన్నదానికి కోపంగా ఉందేమో." మీతో ఉన్న సంబంధానికి ముడిపెట్టడం ఇంకా తర్వాత, ఆధారం ఉన్నప్పుడే: "వచ్చే వారం సెలవు కదా. నేనూ నిన్ను కంచె బయట వదిలేసి వెళ్తున్నట్టు అనిపిస్తోందేమో." చెవులు మూసుకుంటే, అరిస్తే, ఆట ఠక్కున ఆగిపోతే మీ మాట తొందరపడి వచ్చిందో, మరీ దగ్గరగా తగిలిందో అయ్యుంటుంది. అదే మాటను గట్టిగా మళ్లీ చెప్పడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లండి. భరించలేని దాన్ని పిల్ల మనకు అప్పగిస్తుంది, మనం దాన్ని కాసేపు లోపల ఉంచుకుని, భరించగల రూపంలో తిరిగి ఇవ్వాలి. మనోవిశ్లేషకుడు విల్‌ఫ్రెడ్ బియాన్ తల్లీబిడ్డల గురించి రాసిన ఈ మాట గదిలో ఎక్కువగా ఆచరించాల్సింది మౌనంగానే.

హద్దుల విషయంలో మెత్తదనం పనికిరాదు. కొట్టబోతే "కొట్టనివ్వను" అని చెప్పి చేయి అడ్డుపెట్టండి. వస్తువులు విసిరితే వాటిని పక్కన పెట్టండి. అప్పటికీ ఆగకపోతే సెషన్ ఆపి తల్లినో తండ్రినో పిలవండి, వచ్చేసారి అదే వేళకు ఎదురుచూస్తానని చెప్పి పంపండి. ఓర్పు అనుకుని దెబ్బలు తింటే పిల్లకు తన కోపం మీద తనకే భయం పెరుగుతుంది. నీళ్లు ఒక గిన్నెడే. పెట్టెలోవి ఇంటికి వెళ్లవు. అయిదు నిమిషాల ముందు సమయం అవుతోందని చెప్పాలి.

నోట్సు, సూపర్‌విజన్

సెషన్ అవగానే పది నిమిషాల్లో వరస మాత్రం గీసుకోండి: ఏ ఆట తర్వాత ఏ ఆట. పూర్తి నోట్సు ఆ సాయంత్రమే. మాటలు అన్న తీరులోనే రాయాలి, మీ మాటలు కూడా. ఏ నిమిషం దగ్గర నిద్ర ముంచుకొచ్చిందో, ఎక్కడ పాఠం చెప్పాలనిపించిందో, ఎక్కడ గడియారం చూశారో అవీ రాయండి. పిల్ల తను పడుతున్న బాధను మాటల్లేకుండా మనకు కలిగేలా చేస్తుంది. ఇలా పిల్ల వల్ల మనలో కలిగే భావాల్ని, అంటే కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్‌ను, సాక్ష్యంగా వాడుకోవాలంటే అది ఏ ఆట దగ్గర మొదలైందో తెలియాలి. కాకపోతే అది మీ సొంత అలసట కూడా కావచ్చు, సూపర్‌వైజరు ఉన్నది ఆ తేడా పట్టుకోవడానికే.

ఒక్కో ఇంటెన్సివ్ కేసుకు వారానికి ఒక గంట సూపర్‌విజన్. అందరికీ బాగా నడిచిన సెషన్ చూపించాలని ఉంటుంది. ఏ సెషన్ నోట్సు తీసుకెళ్లడానికి మనసు ఒప్పుకోవడం లేదో అదే తీసుకెళ్లండి. మాట తట్టక 50 నిమిషాలు ఊరుకున్న సెషన్ నుంచి నేర్చుకునేది ఎక్కువ.

తల్లిదండ్రులు, కుటుంబం

పిల్లల కేసులు మధ్యలో ఆగిపోయేది చాలావరకు తల్లిదండ్రుల వైపు పని సరిగా జరగకే. పిల్లను తీసుకురావాల్సిందీ, సెషన్ తర్వాతి కోపాన్ని ఇంట్లో భరించాల్సిందీ వాళ్లే. వీలైతే వాళ్లను వేరే సహోద్యోగి వారానికో పదిహేను రోజులకో చూడాలి, పిల్ల థెరపిస్టు కొన్ని నెలలకోసారి కలవాలి. ఆ వీలు లేకపోతే నెలకో గంట, పిల్ల వేళ కాకుండా వేరే వేళ కేటాయించండి. వాళ్లను కలుస్తున్నట్టు పిల్లకు ముందే చెప్పండి. ఏం ఆడింది, ఏమంది అన్నవి బయటికి రావు. "విడిపోవడం తనకు మనం అనుకున్నదానికంటే కష్టంగా ఉంది" లాంటి మాట చెప్పవచ్చు. తల్లో తండ్రో వరండాలో నిలబడి, పిల్ల వింటుండగా "ఈ వారం మళ్లీ పక్క తడిపాడండీ" అని మొదలుపెడితే "ఇది తీరిగ్గా మాట్లాడాలి" అని వేళ ఇవ్వండి.

శిక్షణలో ఉన్నవాళ్లను అందర్నీ పట్టే భ్రమ ఒకటుంది: ఈ పిల్లను ఈ తల్లిదండ్రుల నుంచి నేను కాపాడతాను అన్నది. పిల్ల దీన్ని వెంటనే పసిగడుతుంది, తల్లిదండ్రులు అంతకన్నా ముందే పసిగడతారు. అమెరికన్ మనోవిశ్లేషకురాలు సెల్మా ఫ్రైబర్గ్ సహచరులతో కలిసి 1975లో చూపించింది ఇదే: తన ఏడుపును చిన్నప్పుడు ఎవరూ వినని తల్లికి బిడ్డ ఏడుపు వినబడదు. ఆ పాత ఏడుపు బాధ ఆమెకు తిరిగి తగిలిన రోజు, ఎవరూ నేర్పకుండానే బిడ్డను ఎత్తుకుంటుంది. ఆమె మీద తీర్పు చెప్పే మనిషి ముందు అది జరగదు.

కుటుంబ సమావేశానికి గంటకు పైగా సమయం, వీలైతే ఇద్దరు థెరపిస్టులు ఉండాలి. బొమ్మలు, కాగితాలు నేల మీద మధ్యలో. అందర్నీ ఒకే ప్రశ్న అడగండి, చిన్నవాళ్లతో మొదలుపెట్టండి: "ఇవాళ ఇక్కడికి ఎందుకొస్తున్నామని నీకు చెప్పారు?" ఎవరి బదులు ఎవరు జవాబిస్తున్నారు, పెద్దవాళ్ల గొంతు పెరిగిన క్షణంలో నేల మీది చిన్నది ఏం చేసింది, చూడండి. ఒకరి మనసు లోతుల గురించి మిగతావాళ్ల ముందు మాట్లాడొద్దు, వాళ్ల మధ్య జరిగేదాని గురించి మాట్లాడండి.

ఎవరైనా హాని చేస్తున్నారని పిల్ల చెబితే

రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వొద్దు. గుచ్చి గుచ్చి అడగొద్దు, మీ నోటి నుంచి పేర్లు అందించొద్దు. "చెప్పావు, మంచిపని చేశావు. నిన్ను కాపాడటానికి కొంతమంది పెద్దవాళ్లకు చెప్పాలి" అనండి. పిల్ల మాటలు ఉన్నవున్నట్టు రాసి, టైము వేసి, అదే రోజు సూపర్‌వైజరుకు చెప్పి, అక్కడి చట్టం ప్రకారం నడవండి. టీనేజీ వాళ్లు చావు గురించి, ఒళ్లు కోసుకోవడం గురించి మాట్లాడితే ఎప్పుడు, దేనితో, ఇప్పుడు దగ్గర ఉందా అని నేరుగా అడగాలి. ఆ ప్రశ్నలు అడగకుండా ఇంటర్‌ప్రిటేషన్‌తో (మాటల వెనకున్న అర్థం చెప్పడంతో) సరిపెట్టకూడదు.

సెలవులు, ముగింపు

సెలవుల ముందు మూడు నాలుగు వారాల నుంచీ చెబుతూ ఉండండి. చిన్నపిల్లలకు సెషన్ ఉన్న రోజులు, లేని రోజులు గుర్తుపెట్టిన కాగితం గీసి పెట్టెలో ఉంచండి. కేసు ముగించడానికి కనీసం మూడు నెలలు కావాలి, ఇంటెన్సివ్ కేసుకు అంతకన్నా ఎక్కువే. తేదీ చెప్పగానే పోయిందనుకున్న పక్క తడపడం, భయాలు తిరిగి రావచ్చు. అప్పుడు కంగారుపడి తేదీ వాయిదా వేస్తే తల్లిదండ్రులకు కూడా నమ్మకం పోతుంది. వాళ్లను ముందే హెచ్చరించి ఉంచండి. కోర్సు గడువు కోసం కేసును లాగడం, గడువు అయిపోయిందని తెంపేయడం రెండూ జరుగుతుంటాయి. ముగింపు తేదీకి అసలు కారణం ఏమిటో సూపర్‌విజన్‌లో పైకి చెప్పండి.

పెట్టె ఏమవుతుందన్నది చివరి వారాల్లో పిల్లతోనే మాట్లాడాలి. బొమ్మలు క్లినిక్‌లోనే ఉంటాయి. తను గీసినవాటిలో ఏవి తీసుకెళ్లాలి, ఏవి వదిలిపెట్టాలి అన్నది ఇద్దరూ కలిసి ఒక్కొక్కటీ చూస్తూ తేల్చుకోవచ్చు, దానికి రెండు సెషన్లు పడితే పట్టనివ్వండి. మూడు నాలుగు నెలలకు తల్లిదండ్రులతో ఒక సమావేశం పెట్టుకోండి. పిల్లను మళ్లీ చూడాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసివ్వండి.